ఏడంతస్తుల కోటలో ఈరక్క

మూడు వారాల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆలూరులో నేను అద్దెకుంటున్న ఇంట్లో నీళ్ళ చప్పుడు వినిపించింది. ముందు సన్నగా, రాళ్ళ సందున జారుతున్నట్టు. తర్వాత గలగలమని. ఆ తర్వాత గదంతా నిండేంత హోరుగా. గోడ అవతల నుంచి పక్కింటి ఖాసింబీ గొంతు వచ్చింది. “టీచరమ్మా, కొళాయి వచ్చిండాదా?” మా వీధికి నాలుగు రోజులుగా నీళ్ళు రాలేదు. ఆమె అప్పటికే బిందెలు బయట పెడుతున్న చప్పుడవుతోంది. ఆ నీళ్ళు కొళాయిలో రాలేదు, నా ల్యాప్‌టాప్‌లో వచ్చాయి. ఇరవై ఏళ్ళ క్రితం మొదలుపెట్టిన ఒక కంప్యూటర్ ఆట ఆ నిమిషంలో పూర్తయింది.

నాకిప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆలూరుకు దగ్గర్లో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. మర్నాడు ఈ సంగతి స్టాఫ్ రూములో చెప్తే నవ్వారు. ఆ సమయంలో ఏదైనా డిపార్ట్‌మెంటు పరీక్ష రాసుకుంటే బాగుండేది కదా అని ఒకరన్నారు. మామూలుగా అయితే నేనూ నవ్వేసి మాట మార్చేదాన్ని. ఈసారి నవ్వు రాలేదు. ఆ ఆటను నాతో మొదలుపెట్టిన మనిషి ఇప్పుడు లేదు. ఉన్నవాళ్ళెవరూ ఆమె గురించి చెప్పేటప్పుడు ఆ ఆట మాట తలెత్తుకుని చెప్పరు. కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆమె పేరు ఈరమ్మ. ఎమ్మిగనూరులో మా నేతగాళ్ళ వీధిలో అందరికీ ఈరక్క. నేను ఎరిగేనాటికే ఆమెకు నలభై దాటాయి. మంత్రాలయంలో ఒకాయనకిచ్చి పెళ్ళి చేస్తే, ఎనిమిది నెలలకు సూట్‌కేసు పట్టుకుని బస్సు దిగింది. ఎందుకు వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. పెద్దమనుషులు మూడుసార్లు వచ్చి కూర్చుంటే మూడుసార్లూ టీ ఇచ్చి పంపిందట. తండ్రి వదిలిపోయిన ఒంటిగది ఇంట్లో ఉంటూ చీరల అంచులకు డిజైన్లు గీసేది. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడీ ఒక్కో పోగు. ఒక గడి తప్పు నింపితే మగ్గం మీద హంసకు మూడో కాలు వస్తుంది. ఆమె గీసినదానిలో అట్లాంటి హంసను ఎవరూ చూడలేదు. కంప్యూటర్లో డిజైన్లు గీయడం వచ్చిందని విని, కర్నూలు నుంచి ఒక పాత కంప్యూటరు తెప్పించుకుంది. తెరమీద వచ్చేదంతా ఇంగ్లీషే. ఆమెకు తెలుగు, కన్నడం చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు.

ఆ ఏడాదే నేను ఇంటర్‌లో తప్పాను. తప్పింది ఇంగ్లీషులో. ఇక చదివింది చాల్లే అని మా నాన్న నన్ను కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాడు. రోజంతా రాట్నం తిప్పుతూ మగ్గానికి కావలసిన నూలు కండెలకు ఎక్కించడమే నా పని. అలాంటి రోజుల్లో ఈరక్క మా గుమ్మం ముందుకొచ్చి, పిల్లకు ఏబీసీడీలు వస్తాయి కదా, మధ్యాహ్నం ఒక గంట పంపమని మా నాన్నను అడిగింది. నేను ఇంగ్లీషులోనే తప్పానని మా నాన్న చెప్పాడు. నాకంటే నయమే కదా అని ఆమె అంది.

మొదటి రోజు నా పని ఆ కంప్యూటర్లో ఏమేముందో చదివి, అక్కరలేనివి తీసేయడం. అమ్మినవాడెవరో ఒక ఆటను అందులోనే వదిలేశాడు. అది అప్పటికే పాతది. తెరిస్తే నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు, వాటి కింద ముతక చుక్కలతో గీసిన ఒక ఊరు. నేను తడబడుతూ చదివాను. ఒక దేశంలో ఏరు ఎండిపోయిందట. దానంతట అది ఎండలేదట. కొండ కింద ఏడంతస్తుల కోట ఉంది, అందులో ఎవరో దాన్ని ఆపేశారట. నలుగురిని ఎంచుకుని కోటలోకి దిగాలట. తీసేయనా అని అడిగాను. ఈరక్క చేతిలోని పెన్సిలు చెవి మీద పెట్టుకుని నా పక్కన పీట వేసుకుని కూర్చుంది.

“తీసేయొద్దు ఉండమ్మే. ఏటిని నిలిపినోడు ఎవరో చూస్తాం.”

అలా మొదలైంది. నలుగురికీ పేర్లు మనమే పెట్టాలి. కత్తి పట్టిన ఆమెకు తన పేరే పెట్టుకుంది. తాళాలు తీసేవాడికి వాళ్ళ నాన్న పేరు, మందులు తెలిసిన ముసలామెకు వాళ్ళ అవ్వ పేరు పెట్టింది. మంత్రాలు నేర్చిన పిల్లకు నన్ను అడక్కుండానే సరసు అని నా పేరు పెట్టించింది. ఆ ఆటలో దారి చూపించే బాణాలు లేవు, పటం లేదు. ఎవరైనా ఒక మాట చెప్తే ఒక్కసారే చెప్తారు, మనం వినకపోతే అంతే. ఈరక్కకు అదే నచ్చింది. గ్రాఫ్ కాగితం తీసి, మేము వేసే అడుగుకొక గడి చొప్పున కోటను గీయడం మొదలుపెట్టింది. నేను చదివి చెప్పేదాన్ని, ఆమె గీసి దారి నిర్ణయించేది. డిజైన్ పని ముగించాకే కంప్యూటరు తెరిచేది. నా కండెలు పూర్తికాకపోతే నన్ను లోపలికి రానిచ్చేది కాదు.

మొదట్లో నేను ఒక్కో ఇంగ్లీషు మాటకూ ఒక్కో తెలుగు మాట పేర్చి చెప్పేదాన్ని. ఏమీ అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఒక కాపలావాడు పొడుగ్గా ఏదో చెప్తుంటే నేను అలాగే చెప్పుకుపోతున్నాను. ఈరక్క నా చేయి పట్టుకుని ఆపింది.

“మాటకు మాట చెప్పొద్దమ్మే. ఆయప్ప ఏమంటాండాడో అది చెప్పు. కోపంగా ఉండాడా, బయపడతాండాడా?”

నేను మళ్ళీ చదివాను. వాడు భయపడుతున్నాడు. బెదిరిస్తున్నాడని నేననుకున్న మాటలన్నీ బతిమాలుతున్న మాటలు. ఇంగ్లీషులో ఒక మనిషి గొంతు నాకు వినిపించడం అదే మొదలు. ఇవాళ నా క్లాసులో పిల్లలను నేనడిగే మొదటి ప్రశ్న కూడా అదే, ఈ మనిషి ఎలా ఉన్నాడు అని.

మూడో అంతస్తులో సరసును నీడలాంటి జంతువొకటి కరిచింది. ఆ కాటుకు మందు లేదు. అప్పటినుంచి ఆ పిల్ల నెమ్మదిగా నడుస్తుంది, దానికోసం మిగతా ముగ్గురూ నెమ్మదిగా నడవాలి. ప్రతి మలుపులోనూ శత్రువులు మామీద పడేవాళ్ళు. ఊళ్ళోకి తిరిగొస్తే సత్రం యజమాని, ఈ పిల్లను ఇక్కడ వదిలేసి ఆ మూల కూర్చున్న వాళ్ళలో గట్టిదాన్ని తీసుకుపొమ్మన్నాడు. ఆరుసార్లు ఓడిపోయాక నాకు విసుగొచ్చింది. సరసును వదిలేద్దామని నేనే అన్నాను. నా పేరున్న పిల్లను వదిలేద్దామని నా నోటితోనే చెప్తున్నానన్న ఊహ కూడా నాకు లేదు. ఈరక్క పెన్సిలు పక్కన పెట్టింది.

“అది నెమ్మదిగా నడుస్తాది, అంతే గదా. మనమూ నెమ్మదిగా పోదాం. మనల్ని యాడికి తరుముతాండారు?”

పరీక్ష తప్పి, కండెలు చుడుతున్న పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఆ మాట ఎక్కడ తగిలిందో ఆమెకు తెలుసో లేదో. నేను తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇద్దరు ఆడవాళ్ళు పట్టపగలు తలుపు తీసిపెట్టుకుని ఆటలాడుతున్నారని వీధిలో మాటలు మొదలయ్యాయి. ఈరక్క తమ్ముడు బసప్పది పక్కిల్లే. అతనికి తలవంపులుగా తోచి మా నాన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. మా నాన్న మెత్తని మనిషి, గొడవ ఇష్టం లేదు. పిల్లకు కంప్యూటరు నేర్పిస్తున్నానని ఒక మాటంటే తాను ఊళ్ళోవాళ్ళకు చెప్పుకుంటానన్నాడు. దారి తానే చూపించాడు, ఆమె అందులో నడిస్తే చాలు. ఈరక్క లేచి నిలబడింది.

“నేర్పిస్తాండానని చెప్పొచ్చన్నా. చెప్పను. ఆడుతాండాం. మీరు చావడికాడ పొద్దుగుంకులూ పులిజూదం ఆడరా? మిమ్మల్ని ఎవురన్నా అడిగినారా, ఏం నేర్చుకుంటాండారని?”

మా నాన్న నేల చూశాడు. బసప్ప ఏదో అరిచి వెళ్ళిపోయాడు. మర్నాడు మా నాన్న నన్ను ఆపలేదు. నేను వెళ్ళేసరికి తలుపు ఇంకాస్త బార్లా తీసి ఉంది.

ఆ ఏడు నేను ఇంగ్లీషు పరీక్ష పాసయ్యాను. కర్నూలులో డిగ్రీ సీటు వచ్చింది. అప్పటికి మేము ఏడో అంతస్తు గుమ్మం దాకా వెళ్ళగలిగాం. నేను సెలవులకు వచ్చేదాకా ఆగుతానంది ఈరక్క. నేను రాకముందే తొలివాన రోజు పిడుగు పడి కంప్యూటరు కాలిపోయింది, ఆటా అందులోనే పోయింది. ఆమె మళ్ళీ కాగితం మీదే డిజైన్లు గీసుకుంది. నాకు చదువు, బి.ఎడ్., ఉద్యోగం, పెళ్ళి. ఎప్పుడు ఎమ్మిగనూరు వెళ్ళినా ఏరు పారిందా అని అడిగేది. తీరిక దొరకలేదని చెప్పేదాన్ని. ఆమె మళ్ళీ ఏమీ అనేది కాదు, అదే నాకు కష్టంగా ఉండేది.

నిరుడు గుండెజబ్బుతో పోయింది. దినాల రోజు పందిట్లో బసప్ప చుట్టాలందరి ముందూ, కాపురం నిలుపుకోలేక మా అక్క బతుకంతా ఆటలపాలు చేసుకుందని అన్నాడు. కొందరు తలలూపారు. నేను విస్తరి ముందు కూర్చుని, తలవంచుకుని అన్నం కలుపుతున్నాను. ఒక్క మాట అనలేదు. ఆలూరుకు తిరిగొచ్చాక కూడా ఆ అన్నం గొంతులో ఉన్నట్టే ఉంది.

పాత ఆటలను ఇప్పటి కంప్యూటర్లకు తగ్గట్టు మళ్ళీ అమ్ముతున్నారని తెలిసి అదే ఆట కొన్నాను. అవే నాలుగు పేర్లు పెట్టి మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాను. ఎక్కడ ఏం చేయాలో ఇంటర్నెట్టులో అంతా ఉంది. చూడలేదు. గ్రాఫ్ పుస్తకం కొని నేనే గీసుకున్నాను. పదకొండు నెలలు పట్టింది. బొమ్మలు ముతకవే, సంగీతం మూడు స్వరాలకు మించదు. అయినా చెప్తున్నాను, నేను చదివిన మంచి పుస్తకాల పక్కన దాన్ని నిలబెడతాను. ఆడేవాళ్ళ బుద్ధిని అది తక్కువచేసి చూడదు. మనం తొందరపడితే తొందరపడనిస్తుంది, ఏం పోగొట్టుకున్నామో చెప్పదు.

చివరి తలుపు దగ్గర ఒక గొంతు, నలుగురిలో ఒకరు ఇక్కడే ఉండిపోతే ఏరు వదులుతానంది. ఈసారీ మూడో అంతస్తులో కాటు తిన్న సరసు పేరు మీద వెలుగు పడి ఉంది, ఒక్క మీట నొక్కితే చాలు. నేను నొక్కలేదు. వెనక్కి తిరిగి ఏడంతస్తులూ మళ్ళీ నడిచాను. నెమ్మదిగా నడుస్తున్నవాళ్ళకు కొన్ని మలుపుల్లో ఒక వాక్యం తెరమీద నిలుస్తుంది, గోడ వెనక నీళ్ళు కదులుతున్నాయి అని. గట్టివాళ్ళతో వేగంగా నడిస్తే చదివేలోపే అది మాయమైపోతుంది. ఆ గోడల వెనక, అంతస్తుకొకటి చొప్పున, ఏడు తూములున్నాయి. ఒక్కోటీ తెరుచుకుంటూ పైకి రావడానికి మూడు వారాలు పట్టింది. చివరి తూము తెరిచినప్పుడు నలుగురూ బయట ఉన్నారు. ఎవరినీ వదల్లేదు. అప్పుడు వచ్చింది ఖాసింబీ విన్న చప్పుడు.

ఆ మరుసటి వారం సోమవారం సెలవు పెట్టి ఎమ్మిగనూరు వెళ్ళాను. బసప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముసలివాడయ్యాడు. ఆట పూర్తి చేశానని చెప్పాను. దానివల్ల ఏమొచ్చిందని అడిగాడు. నా ఉద్యోగం చూపించి ఆయన నోరు మూయించవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఈరక్క అయితే అలా చెప్పేది కాదు.

“ఏమొచ్చిందని లెక్క చెప్పను బసప్పన్నా. మేము శానా సంతోషంగా ఆడినాం. ఆ పొద్దు పందిట్లో నువ్వన్నది తప్పు. ఆ పొద్దే అనాల్సింది నేను. అనలేదు. ఇప్పుడంటాండా.”

ఆయన ఒప్పుకోలేదు. చచ్చినోళ్ళ మీద తగవెందుకని గొణిగాడు. నేనూ తగ్గలేదు. టీ తాగి వచ్చేశాను.

ఆమె నాకిచ్చిపోయింది ఇదేననుకుంటాను. ఇష్టపడి చేసిన పనికి పనికొచ్చే పేరొకటి తగిలించి దాన్ని కాపాడుకోవడం నాకిప్పుడు చేతకాదు. మంగళవారం బడిలో సెలవు చీటీ రాశాను. కారణం అన్నచోట, ‘ఒక ఆట పూర్తి చేశాను, ఆ సంగతి చెప్పడానికి ఎమ్మిగనూరు వెళ్ళాను’ అని రాశాను. మా హెడ్మాస్టరు గారు మంచి మనిషి. రెండుసార్లు చదివి, జ్వరమని రాసివ్వండి మేడమ్, ఎవరైనా చూస్తే బాగుండదు అన్నారు. నాకు జ్వరం రాలేదు సార్ అన్నాను. ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, సంతకం చేశారు. ఆ చీటీ ఇప్పుడు బడి ఫైల్లో, ఇద్దరి జ్వరాలకూ ఒకరి బంధువుల పెళ్ళికీ మధ్య ఉంది.