ఇత్తడి పట్టీ మీద బొట్టు

మా నాయిన కొన్న మోటారు పడవకు మూడు లైట్లు. ముందు ఎడమవైపు ఎర్రది, కుడివైపు ఆకుపచ్చది, వెనుక కొసన తెల్లది. అవి సరిగ్గా వెలిగి పదిహేనేళ్లు దాటింది. పడవను శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్ల సంఘానికి ఇస్తానని చెప్పినప్పుడు వాళ్ల పెద్దమనిషి ఇంజను సంగతి అడగలేదు. లైట్లు వెలుగుతాయా అని అడిగాడు. వాళ్లు వలలు వేయడానికి పొద్దుగూకే వేళ పోతారు. వెలుగుతాయి అన్నాను. శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మన్నాను. ఆ మాట ఇచ్చింది సోమవారం. అప్పటికి ఒక్క లైటూ పనిచేయడం లేదు.

మా ఇంట్లోంచి చెడిపోయిన వస్తువు ఎప్పుడూ ఒకరి చేతికి పోలేదు. భూములు పోయాయి, కానీ అవి కూడా మంచి భూములే. అందుకని ఆ మాట నిలబెట్టుకోవాలి. పడవ ఉన్న కొట్టం, దాని కింది చిన్న జాగా కూడా ఆ నెలాఖరుకు చేయి మారుతున్నాయి. మేము, అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే, అల్వాల్‌లో రెండు గదుల పోర్షన్‌లో ఉంటున్నాను. పడవను అక్కడికి తీసుకుపోలేను కదా.

నా భార్య పోయి పది నెలలైంది. ఆమెకు ఈ పడవ మీద ఒకే ఒక కోరిక ఉండేది. పెళ్లయిన కొత్తలో నాయిన సాయంత్రాలు పడవ తీస్తే, ఆమె ఆ చెరువు కట్ట మీదే నిలబడి చూసేది. నీళ్ల మీద ఆ మూడు రంగులు సాగిపోతుంటే ఆమె ముఖం చూడాలి. నాయిన పోయాక పడవ కొట్టంలోకి చేరింది, లైట్లు చెడిపోయాయి. చివరి సంవత్సరాల్లో మళ్లీ అడిగింది. "ఒక్క పొద్దుగూకంగ గా లైట్లు నీళ్ల మీద జూడాలె. ఇంకేం అడుగుత లేను గద" అంది. చేస్తానన్నాను. మనిషిని పిలిపించమంది. నేనే చేస్తానన్నాను.

చేశాను కూడా, నాకు తెలిసినంత. ముందు లైట్ల స్విచ్ వేస్తే వెనుక లైటు మిణుకుమనేది. అన్నీ వేస్తే అన్నీ బీడీ కొసల్లా ఎర్రబడేవి. బల్బులు మార్చాను. స్విచ్‌లు మార్చాను. ఫ్యూజులు మార్చాను. ఆమె టార్చి పట్టుకుని పక్కన కూర్చునేది. కొత్త బల్బు వేసిన ప్రతిసారీ వెలుగు కొంచెం పెరిగినట్టు అనిపించేది, ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం, తరువాత మళ్లీ మామూలే. మేడ్చల్ రోడ్డులో లారీలకు, ఆటోలకు వైరింగు చేసే మనిషి ఉన్నాడని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అతని తండ్రి మా ట్రాక్టరు నడిపాడు. ఆ దుకాణం ముందు వరుసలో నిలబడడం నావల్ల కాలేదు. దానికి వేరే కారణమేదీ లేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మంగళవారం అక్కడికే పోయాను, షేర్ ఆటోలో, సంచిలో పాత స్విచ్ ఒకటి పెట్టుకుని. అతను పనిలో ఉన్నవాడు లేచాడు. గ్రీజు అంటిన స్టూలును గుడ్డతో తుడిచి వేశాడు. తుడవకుండా వేసి ఉంటే నాకు ఇంకా తేలికగా ఉండేది. నేను కూర్చోలేదు. గురువారం చర్చి పని ఏదో మధ్యాహ్నానికి అయిపోతుందని, అటునుంచి అటే వస్తానని చెప్పాడు. వాళ్ల చర్చిలో పండుగ లైట్లు, మైకు అన్నీ అతనే చూసుకుంటాడట.

చెప్పినట్టే వచ్చాడు. బ్యాటరీ కొత్తది నేను ముందే తెప్పించి పెట్టాను. అతని దగ్గర పెద్ద సామాను ఏమీ లేదు. రెండు తీగలకు కట్టిన ఒక చిన్న బల్బు, ఒక స్పానరు, ఒక చుట్ట వైరు. బల్బు ఒక తీగను బ్యాటరీ ప్లస్సుకు పెట్టి, రెండోదాన్ని పడవ అంచున ఉన్న స్టీలు కడ్డీకి ఆనించాడు. వెలగలేదు. తనలో తానే నవ్వుకున్నాడు.

"నాకు లారీలు అలవాటు పటేలా. లారీ బాడీ అంత ఇనుమే, యాడ ముట్టిచ్చినా కరెంటు వాపస్ వోతది. గిది ఫైబర్. దీనికి వాపస్ వోను తొవ్వ గా నల్ల తీగనే."

పదిహేనేళ్లలో ఆ నల్ల తీగ వైపు నేను ఒక్కసారి కూడా చూడలేదు. కరెంటు లైటు దాకా వస్తున్నదా లేదా అన్నదే చూశాను. వచ్చింది తిరిగి పోవాలి కదా అన్న ఆలోచన రాలేదు. అతను బ్యాటరీ మైనస్సు నుంచి పొడుగు వైరు ఒకటి లాగి, పడవ పొడవునా నడిచి, వెనుక లైటు నల్ల తీగకు ముట్టించాడు. పట్టపగలు, కొట్టం లోపల, ఆ తెల్ల లైటు నిండుగా వెలిగింది. నేను మార్చిన చివరి బల్బు అది. ఆమె టార్చి పట్టుకుని ఉండగా వేసింది.

"బల్బు మంచిదే. స్విచ్చు మంచిదే" అన్నాడతను. "వాపస్ వచ్చేకాడ ఎక్కడనో ఆగుతాంది. అన్ని నల్ల తీగలు కలిసే పట్టీ యాడుందో తెలుసునా పటేలా?"

తెలుసు. స్టీరింగు కింద, చెక్క పలక వెనుక. చెప్పాను. అతను వెల్లకిలా పడుకుని, పలక మరలు విప్పి, తల లోపల పెట్టాడు. తరువాత బయటికి వచ్చి లేచి కూర్చున్నాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"గీడ పూజ జేసిన్రు గదా" అన్నాడు.

అప్పుడు నాకు అంతా గుర్తుకొచ్చింది.

మా పెళ్లయిన మొదటి దసరా. ఇంట్లో ఉన్న బండ్లకు, మోటార్లకు, నాగళ్లకు అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ ఆమె పడవ దగ్గరికి వచ్చింది. ఎక్కడ పెట్టాలని నన్నే అడిగింది. ముందు పెడితే నీళ్లకు పోతుంది అన్నాను. నాకు అప్పటికి పడవ గురించి అంతా తెలుసుననే పొగరు. చెక్క పలక విప్పి, లోపలి ఇత్తడి పట్టీ చూపించాను. తీగలన్నీ వచ్చి కలిసేది ఇక్కడే, పడవ ప్రాణం ఇక్కడే ఉంది, ఇక్కడ పెట్టు అన్నాను. ఆమె నమ్మింది. పసుపు తడిపి రాసింది, కుంకుమ పెట్టింది, నిమ్మకాయ కోసి అద్దింది, కొబ్బరినీళ్లు చిలకరించింది. ఆనాటి నుంచి ఒక్క దసరా తప్పలేదు. మిగతా బండ్లు ఒకటొకటిగా పోయాయి. నాగళ్లు పోయాయి. పూజకు పడవ ఒక్కటే మిగిలింది. చివరి దసరాకు ఆమె అల్వాల్ నుంచి బస్సులో వచ్చింది, పర్సులో కుంకుమ పొట్లంతో. అప్పటికే నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. పలక నేను విప్పాను. వంగి, చేయి లోపల పెట్టి, చూడకుండానే పెట్టింది.

ఇన్నేళ్ల తడి, పులుపు ఆ ఇత్తడిని తిన్నాయి. లైట్లు ఆర్పింది నేను చూపించిన చోటే.

నేను కూడా పడుకుని చూశాను. పట్టీ నిండా పసుపు, కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. అంచుల్లో పచ్చటి చిలుము. అన్నిటికంటే పైన, నడిమి నట్టు మీద, చివరి బొట్టు. ఉంగరపు వేలితో పెట్టింది. వేలి గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఫోటోలో ఆమె వేళ్లు ఎక్కడా కనపడవు. ఉన్న ఒకే ఫోటోలో చేతులు కొంగు కింద ఉన్నాయి.

గీకి, గరుకు కాగితంతో రుద్దితే అయిపోతుందని అతనన్నాడు. కానీ ఆ పని తాను చేయనన్నాడు.

"మాది వేరే నమ్మకం, మీకెర్కనే. అయినా ఆడబిడ్డ వెట్టిన బొట్టు నా చేత్తోని తుడువ. గది మీరే తుడువుండ్రి."

ఇంకొక మార్గం కూడా అతనే చెప్పాడు. తన దగ్గర కొత్త పట్టీ ఉంది, అది బిగిద్దాం, పాతదాన్ని ఉన్నదున్నట్టు ఊడదీసి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. నాకు అంత ఆశ చాలా కాలంగా కలగలేదు. ఆ మాటకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. సరే అన్నాను, స్పానరు ఇలా ఇవ్వమన్నాను.

పక్క నట్లు నాలుగూ వచ్చాయి. నడిమిది చిలుముకు పట్టేసింది. నూనె వేద్దామని అతనన్నాడు. నూనె బొట్టును తడుపుతుందని నేను వద్దన్నాను. పట్టీని ఎడమచేత్తో పట్టుకుని, చాలా మెల్లగా తిప్పాను. కదలలేదు. ఇంకొంచెం బలం పెట్టాను. టప్పుమని కదిలింది. ఆ ఒక్క అదురుకే పైపొర పగిలింది. పెచ్చు పెచ్చుగా లేచి, నా ముఖం మీద, మెడ మీద, చొక్కా మీద రాలింది. కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే నట్టు మీద ఏమీ లేదు. చిలుము పట్టిన ఇత్తడి ఒక్కటే కనపడింది.

అతను నా కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను లేచేదాకా అటు తిరిగి వైరు చుట్ట చుడుతూ ఉన్నాడు. తరువాత కొత్త పట్టీ అతనే బిగించాడు. నేను చొక్కా దులుపుకోలేదు. అలాగే అల్వాల్ పోయాను. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నావిడ ఏ గుడికి పోయొచ్చారని అడిగింది.

శుక్రవారం సంఘం వాళ్లు ట్రాక్టరు తెచ్చి పడవను చెరువు ఒడ్డుకు చేర్చారు. స్విచ్ వేసి చూపించాను. మూడూ వెలిగాయి. మాట నిలబడింది. నీళ్లలోకి దించే ముందు వాళ్లలో ఒక పెద్దావిడ పసుపు, కుంకుమ ఉన్న పళ్లెంతో వచ్చింది. నా ముందు ఆగింది.

"బొట్టు యాడ వెట్టాలె దొరా?" అని అడిగింది.

అదే ప్రశ్న. అదే ఉంగరపు వేలు కుంకుమలో ముంచి పట్టుకున్న తీరు.

"ముందట వెట్టమ్మా. లోపట వద్దు. నీళ్లకు పోతే పోనియ్యి" అన్నాను.

ఆమె ముందు కొనకు బొట్టు పెట్టింది. పడవ నీళ్లలోకి జారింది. నేను కట్ట ఎక్కి, నా భార్య నిలబడే చోట నిలబడ్డాను. పొద్దు గూకింది. మొదటి అలకే ఆ బొట్టు కడుక్కుపోయే ఉంటుంది, అంత దూరం నుంచి నాకు తెలియలేదు. ఎర్రది, ఆకుపచ్చది, తెల్లది మాత్రం నీళ్ల మీద సాగిపోతూ కనపడ్డాయి.