చెరువు చేరని పందెం ఇంజను

మా మేనమామ పోయాడని పోయిన సోమవారం పొద్దున బట్లహళ్ళి నుంచి అత్త ఫోన్ చేసింది. "పోయినాడమ్మా, మీ మామ" అని ఒక్క మాటే అనింది. ఆ తర్వాత ఫోన్లు పట్టుకొని ఇద్దరం ఏడుస్తూ ఉండిపోయాం.

వయసులో మామ మద్రాసులో పడవ పందేల వాళ్ళ దగ్గర మెకానిక్కు. వాళ్ళు కొత్త ఇంజన్లు కొనుక్కొని, షాఫ్టు విరిగిన పాతదాన్ని ఆయనకిచ్చేశారు. పడవ వెనక తగిలించే టూ స్ట్రోక్ ఇంజను. దాన్ని బస్సు మీద వేసుకొని చెరువులెండిన మా సీమకు తెచ్చాడు.

"బోర్లోనే నీళ్ళు లేవు, పడవ యాడ తిప్పుతావప్పా?" అని ఊరు నవ్వింది. ఆయనా నవ్వాడు.

సెలవులకు పోతే నేను ఆ ఇంజను పక్కనే కూర్చునేదాన్ని. ఇట్లాంటివి మొదట చేపలు పట్టేవాళ్ళ కోసం పుట్టాయట, మామ చెప్పేవాడు. పందేలు మొదలయ్యాక బరువు తగ్గించి, సైలెన్సర్లు పీకేసి, పెట్రోలుకు బదులు స్పిరిట్టులో ఆముదం కలిపి పరిగెత్తించారట. వాల్వులుండవు, పిస్టనే కదులుతూ గాలి వచ్చే, పొగ పోయే దారులు తెరుస్తుంది, మూస్తుంది. రెండు సిలిండర్లు ఎదురెదురుగా పడుకొని ఉంటాయి.

"రెండు పిస్టన్లూ ఒకే తూరి బయటికి పోతాయి, ఒకే తూరి లోపలికొస్తాయి. ఒకదాని అదురు ఇంకోటి మింగుతాది. కాపురం ఇట్లుండల్లమ్మా" అనేవాడు.

"మింగేది నేనే" అనేది అత్త, పొయ్యి దగ్గర్నుంచి.

చింతామణి టౌనులో లేత్ మీద షాఫ్టు చేయించి, ఒక్కో ముక్కా వెతికి తెచ్చేసరికి ఆయన తల నెరిసింది. చెరువు నిండి మరవ మీద నీళ్ళు పొర్లిన ఏడాదే ఇంజను సిద్ధమైంది. పడవ చేయించే లోపే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పైచక్రానికి తాడు చుట్టి గుంజితే గాని ఆ ఇంజను లేవదు.

మంచాన్ని వాకిట్లోకి తెచ్చాం. నీళ్ళ డ్రమ్ముకు ఇంజను బిగించి, కొంగు దోపుకొని అత్త తాడు పట్టింది.

"నిదానంగా కాదే... గట్టిగా గుంజల్ల" అన్నాడు, నాలుక మడతపడుతుంటే.

ఇంజను దగ్గి ఊరుకుంది. అత్త అరచేయి ఒరుసుకుపోయింది. మళ్ళీ గుంజింది. ఒక్కసారిగా వీధి దద్దరిల్లింది, జనం బయటికొచ్చారు. ఆముదం పొగలో మామ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"చెరువులో తిప్పలేకపోతినే."

"తిప్పుదాంలే. చెయ్యి బాగు కానీ."

బాగు కాలేదు.

వాళ్ళకు పిల్లల్లేరు. అత్తా నేనూ తెప్పలో చెరువు మధ్యకు పోయి అస్థికలు కలిపాం. కడుక్కుంటానని అత్త నీళ్ళలో చెయ్యి ముంచింది. తెప్ప ఒడ్డు చేరేదాకా తియ్యలేదు.