సిగ్నల్ లోకల్, మీరు కాదు

"లోకల్" అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్నవి బ్యాంకు బదిలీలు. సగం చదువు గుంటూరులో, సగం వరంగల్‌లో సాగింది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో బల్లకి అటు కూర్చున్నాయన నా స్టడీ సర్టిఫికెట్లు తిరగేసి, "నువ్వు నాన్‌లోకలమ్మా" అన్నాడు. కోరుకున్న సీటు పోయింది. మనం ఎక్కడివాళ్ళమో నోటితో చెబితే చాలదని, దానికి బడి ముద్ర కావాలని ఆ రోజే నా బుర్రకెక్కింది.

ఆస్ట్రేలియా వచ్చాక కొన్నాళ్ళు మెల్‌బోర్న్ శివార్లలో, క్రెయిగీబర్న్‌లో ఉన్నాం. తర్వాత, పెద్ద నగరాలకి దూరంగా ఉండి పనిచేసేవాళ్ళకిచ్చే రీజినల్ వీసా కోసం, మెల్‌బోర్న్‌కి చాలా దూరంగా, కొండల మధ్య ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చాం. నాకు ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, మావారికి పాల ఫ్యాక్టరీలో. ఇక్కడే ఉంటున్నామని, ఇక్కడే పనిచేస్తున్నామని ప్రభుత్వానికి ఏళ్ళ తరబడి రుజువులు చూపించి, పర్మనెంట్ వీసా చేతికొచ్చాక కూడా ఇక్కడే ఉండిపోయాం. ఊరు నచ్చింది. కొనుక్కున్న ఇల్లు మాత్రం సరిగ్గా కొండ నీడలో ఉంది. మామూలు యాంటెన్నాకి బొమ్మ రాదు. సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ.

వేసవి వచ్చిందంటే ఇక్కడ అడవి అంటుకుంటుంది. ఏ రోడ్డు మూశారో, ఎవరు ఇళ్ళు ఖాళీ చేయాలో లోకల్ వార్తల్లో చెబుతారు. ఆ వార్తలు మా ఇంటికి రావు. మావారు షిఫ్టులో ఉంటే ఇంట్లో నేనూ, మా అమ్మాయీ. విజయవాడలో ఏ వీధిలో పైపు పగిలిందో నెట్‌లో ఇట్టే తెలిసిపోతుంది. మా వెనకాల కొండ తగలబడితే ముందు పోయేది ఆ నెట్టే, ఇక తెలిసే దారి లేదు.

కొండల చాటున ఉన్న ఇళ్ళకి ఉపగ్రహం నుంచి ఉచితంగా చానెళ్ళిచ్చే ఏర్పాటు ఒకటుంది. పైన డిష్, కింద పెట్టె. కాకపోతే, టవర్ సిగ్నల్ అందని ఇళ్ళకే ఇస్తారు. మన అడ్రస్‌ను బట్టి మన ప్రాంతం వార్తలే పెట్టెలోకి వస్తాయి, పక్క ప్రాంతానివి రావు. అడిగితే, మీ వీధికి టవర్ సిగ్నల్ బ్రహ్మాండంగా అందుతోందని మ్యాప్ చెబుతోంది, కుదరదన్నారు. ఆ మ్యాప్ గీసినవాళ్ళకి కొండ కనబడలేదు కాబోలు.

నేను వదల్లేదు. మీ లోకల్ వివరాలేవైనా ఉంటే పంపండి అని అటునుంచి రాశారు. లోకల్ అన్నారు కదా, ఇంకేముంది! మా అమ్మాయి బడికి వెళ్ళి స్టడీ సర్టిఫికెట్ అడిగాను. అదేమిటో ప్రిన్సిపల్‌కి అర్థం కాలేదు. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదువుతోందని రాసి, సంతకం చేసి, ముద్ర వేయమని పక్కన నిలబడి చెప్పాను. దానికి నా ఉద్యోగం కాగితాలూ జతచేసి పంపాను.

ఆ ఆఫీసు నుంచి ఒకామె ఫోన్ చేసింది. నవ్వాపుకుంటోందని గొంతులోనే తెలుస్తోంది.

"మీ పాప బడి కాగితం మాకెందుకు పంపారు?"

"మేం లోకల్ అని."

"అయ్యో, లోకల్ అంటే సిగ్నలండీ, మీరు కాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. మరుక్షణమే కోపం ముంచుకొచ్చింది. "సిగ్నల్ అంత లోకలైతే మా ఇంటికెందుకు రాదు? మ్యాప్ పక్కనపెట్టి మనిషిని పంపండి. మా ఇంటి కప్పు ఎక్కి కొలవమనండి. వచ్చేదాకా రోజూ ఫోన్ చేస్తూనే ఉంటాను" అన్నాను. అన్నట్టే చేశాను కూడా.

ఈ గొడవ చూసి ఎదురింటి పెద్దాయన నాకొక ఉపాయం చెప్పాడు. ఆయన ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాడు. ఆయనకీ మొదట కుదరదనే అన్నారట. సిగ్నల్ అందని మరో ప్రాంతంలో ఉన్న చుట్టాల పొలం అడ్రస్ ఇచ్చి హాయిగా పెట్టె తెచ్చుకున్నాడు. మావారికి ఈ మాట తెగ నచ్చింది.

"ఎందుకీ లొల్లి? మనం గూడ గట్లనే వేరే అడ్రస్ ఇద్దాం. పని అయిపోతది."

"ఇంకో ఊరివాళ్ళమని రాయించుకోవడానికా ఇక్కడ ఇల్లు కొనుక్కుంది? నేను రాయను."

క్రెయిగీబర్న్ స్నేహితురాలూ ఫోన్‌లో అదే పాట. "అక్కా, ఆ లోకల్ న్యూస్‌తో మీకేం పని? నెట్‌లో మన చానెల్సన్నీ వస్తున్నాయి కదా, లైట్ తీసుకో." అందరూ లైట్ తీసుకోమనేవాళ్ళే. అంటుకుంటే తగలబడేది నా కొంప.

చివరికి వాళ్ళు పంపిన మనిషి వచ్చి కొలిచాడు. టవర్ సిగ్నల్ ఏమీ లేదని రాసిచ్చాడు. డిష్ వచ్చింది. మా ఊరి పేరు టీవీలో చూసిన సాయంత్రం మా అమ్మాయి "దట్స్ అస్!" అని గెంతింది. నేనూ గెంతాను, సిగ్గెందుకు.

ఆ వేసవిలోనే ఒకరోజు మధ్యాహ్నం గాలి మళ్ళింది. మావారు ఫ్యాక్టరీలో ఉన్నారు. నెట్ పోయింది, ఫోన్‌లో ఒక్క గీత కూడా లేదు. టీవీలో మాత్రం మా రోడ్డు పేరు పెట్టి చెప్పారు, మంట కొండ దాటుతోంది, వెంటనే బయల్దేరండని. అమ్మాయిని కారెక్కించి బయటికి వస్తే, ఎదురింటి కారు కదలకుండా అక్కడే ఉంది. తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తాను.

పెద్దాయన టీ తాగుతూ వార్తలు చూస్తున్నాడు. ఆయన టీవీలో ఎక్కడిదో ఎండ, చల్లటి గాలి, ఎవరో గొర్రెల సంత గురించి మాట్లాడుతున్నారు. పొగ వాసన వేసవిలో మామూలే కదా అనుకున్నాడట. నేను చెప్పింది విని టీవీ వైపు చెయ్యి చూపించాడు.

"అలాంటిదేం చెప్పలేదే ఇందులో!"

"అది మీ ఊరి టీవీ కాదు. ఈ ఊరి మనిషిని నేను చెబుతున్నాను, లేవండి."

ఆయన టీవీ కట్టెయ్యకుండానే వచ్చి నా కారెక్కాడు.