కోటేష్‌కు తెలియని వాసన

గుంటూరు మిర్చి యార్డుకు కొత్తగా వచ్చినవాళ్ళు గేటు దాటకముందే తుమ్మడం మొదలుపెడతారు. నాలుగడుగులు వేసేసరికి కళ్ళు, ముక్కు ఏకమై, వచ్చిన పని మర్చిపోయి జేబురుమాలు కోసం తడుముకుంటారు. కోటేష్ మాత్రం ఆ యార్డులో తుమ్మి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తు లేదు. మీసాలు రాకముందే తండ్రి తీసుకొచ్చి అతన్ని టిక్కీల్లో దింపాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. పైనుంచి కాయ పోస్తుంటే లోపల నిలబడి కాళ్ళతో తొక్కాలి. ఆ దుమ్మంతా తొక్కేవాడి ముక్కులోకే పోతుంది. అలా తొక్కి తొక్కి, తర్వాత హమాలీల ముఠాలో చేరి బస్తాలు మోసి మోసి, పెళ్ళీడు వచ్చేసరికి అతని ముక్కు పూర్తిగా చచ్చిపోయింది. మల్లెపూలూ మురిక్కాలవా అతనికి ఒక్కటే. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే నవ్వుతారని మొహమాటం. పాడు మొహమాటం.

చెప్పుకుంటే నవ్వొచ్చే మాటే గానీ, ఆ చచ్చిన ముక్కు వల్లనే అతనికి పెళ్ళయింది. వాడరేవులో ఎండుచేపలమ్మే అంకమ్మ కూతురు భవాని, చేపల గంప కాళ్ళదగ్గర పెట్టుకుని చీరాల నుంచి గుంటూరు బస్సులో వచ్చేది. బస్సంతా కిక్కిరిసినా ఆమె పక్క సీటు ఖాళీగానే ఉండేది. జనం నిలబడతారు గానీ కూర్చోరు. ఒకరోజు కోటేష్ వచ్చి హాయిగా కూర్చుని, దిగేదాకా కబుర్లు చెప్పాడు. ఎంత మంచి మనసో అనుకుంది భవాని. పెళ్ళయ్యాక అసలు సంగతి తెలిసి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"మా అమ్మకి మాత్రం చెప్పమాక. నా కూతురు గొప్పతనం చూసి చేసుకున్నాడని ఊరంతా చెప్పుకుంటోంది" అంది.

ఆనాటి నుంచి ఆవిడే అతని ముక్కు. పాలు విరిగాయో లేదో, కూర మాడుతోందో లేదో, చొక్కా ఉతకాలో ఇంకోరోజు తొడగొచ్చో అన్నీ ఆవిడే చెప్పేది. హారిక పుట్టినప్పుడు పసిదాన్ని అతని ఒళ్ళో పెట్టి, "తల వాసన చూడు... నీకు తెలియదు కదూ, నేను చెప్తా విను. అటుకులు పాలల్లో నానేసినట్టుంది" అంది. కోటేష్ ఆ మాటే పట్టుకుని, కనిపించినవాళ్ళందరికీ తన కూతురి తల అటుకులూ పాల వాసన వస్తుందని చెప్పుకుని మురిసిపోయాడు.

పోయిన వానాకాలం భవానికి జ్వరమొచ్చింది. ముదిరింది. మనిషి దక్కలేదు.

ఆ తర్వాత ఇల్లు ఎలా నడిచిందంటే, మూడో తరగతి చదివే హారిక నడిపింది. పొద్దున్నే పాలగిన్నె మీదకి వంగి ముక్కు పెట్టి, "బాగున్నాయి నాన్నా, కాచెయ్" అనేది. రాత్రి మిగిలిన అన్నం చూసి, "ఇది పారబొయ్" అనేది. వాళ్ళమ్మ ఎలా అనేదో అచ్చం అలాగే. కోటేష్ "మా బంగారమే" అని తల నిమిరేవాడు. ఆ మాట కోసమే ఆ పిల్ల ఇంట్లో ప్రతిదాన్నీ వాసన చూసేది.

ఇక అతని బండి. పెళ్ళయిన కొత్తలో సెకండ్ హ్యాండులో కొన్న మోటారు సైకిలు. వీధిలో పెడితే ఎవరెత్తుకుపోతారో అని ముందుగదిలో పెట్టి, నూనె చుక్కలు గచ్చు మీద పడకుండా కింద గోనెపట్టా పరిచేవాడు. అదే గదిలో తండ్రీకూతుళ్ళ పడకలు. ఈ మధ్య పెట్రోలు పోసింది పోసినట్టే అయిపోతుంటే, పాత బండి కదా, మైలేజీ పడిపోయిందనుకున్నాడు. హారిక పొద్దున లేస్తూనే తలనొప్పి అంటుంటే, తల్లి మీద బెంగేమోననుకుని సిరప్పు కొనిచ్చాడు. ఏం తండ్రో అనకండి. అతనికి తెలిసిందంతా చేశాడు.

ఒక ఆదివారం అంకమ్మ మనవరాలిని చూడ్డానికి వాడరేవు నుంచి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. లోపలికొచ్చి వంగి బండి కింద గోనెపట్టా చేత్తో తడిమింది. తడిసి ముద్దగా ఉంది. ట్యాంకులోంచి కారిందంతా గోనెపట్టా తాగేస్తోంది. పక్కనే పిల్ల పరుపు. తలుపు అవతల గ్యాసు పొయ్యి.

"ఏమయ్యా, ఇల్లంతా పెట్రోలు కంపు కొడుతుంటే పిల్లని దీని పక్కన పడుకోబెట్టావా?"

"అలసిపోయి పడుకుంటే తెలియలేదు అత్తా."

"పొద్దున లేచాకైనా తెలియలేదా? నీకు తెలియలేదంటే సరే. ఏమే హారికా, నువ్వైనా చెప్పొద్దూ?"

హారిక బిక్కమొహం పెట్టింది. "అది నాన్న వాసన అనుకున్నా అమ్మమ్మా. నాన్న దగ్గర పడుకుంటే అలాగే వస్తుంది కదా" అంది.

అంకమ్మ మనవరాలిని దగ్గరికి లాక్కుని అంది.

"కూతుర్ని పోగొట్టుకున్నా. దీన్నీ పోగొట్టుకోలేను. ఆ కారేదేదో ఇవాళే నా కళ్ళముందు బాగుచేయించు. లేదా పిల్లని నాతో తీసుకుపోతా. నువ్వు తిట్టుకున్నా సరే."

బండి స్టార్టు చేయకుండా నల్లపాడు రోడ్డులోని చెంచయ్య షెడ్డు దాకా తోసుకుంటూ వెళ్ళాడు. వెనకాల అంకమ్మ, ఆమె వేలు పట్టుకుని హారిక. దారి పొడవునా కోటేష్‌కి ఒకటే ఆలోచన. ట్యాంకు బాగైపోతే పిల్ల ఉంటుంది. పిల్ల ఉంటే చాలు. ఇంకేం అక్కర్లేదు.

చెంచయ్య పెద్దవాడు, నిదానస్తుడు. ఆ రోజు రొంపతో ముక్కు తుడుచుకుంటూ పనికి కూర్చున్నాడు. ముందు పెట్రోల్ ట్యాపు తుడిచి కింద పాత కాగితం పెట్టి చూశాడు. పొడిగానే ఉంది. పైపు చూశాడు, కార్బురేటర్ చూశాడు. అక్కడా తడి లేదు. సీటు విప్పి ట్యాంకు పైకి తీశాడు. అడుగుభాగమంతా గుడ్డతో తుడిచి, సుద్దముక్క పొడి చేసి పులిమి, "ఇక చూస్తూ ఉండు" అన్నాడు. కాసేపటికి తెల్లటి సుద్దలో వెనకవైపు అతుకు దగ్గర సన్నగా ఒక తడి గీత లేచింది. స్క్రూడ్రైవర్ కొసతో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలింది.

"పైన రంగు బానే ఉంది గానీ లోపల నీళ్ళు చేరి తుప్పు తినేసిందయ్యా. సబ్బు పులిమితే ఊరెళ్ళొచ్చేదాకా ఆగుద్ది. ఇంట్లో పెట్టుకునే బండికి ఆ పని చెయ్యకూడదు. గ్యాసు వెల్డింగు పెట్టి ఇత్తడి పోద్దాం."

మిగిలిన పెట్రోలు వంచేశాడు. సర్ఫు నీళ్ళు పోసి, లోపల పాత బోల్టులు వేసి గలగలలాడించి, కడిగి, మళ్ళీ కడిగి, ఎండలో పెట్టాడు. నీళ్ళు ఆరాక తెచ్చి బల్ల మీద పెట్టి, మంట వెలిగించబోతూ ఆగాడు.

"పెట్రోలు పోయినా దాని ఆవిరి లోపల నక్కి ఉంటుంది. నిప్పు తగిలిందా, ట్యాంకు పేలి అందరం పైకే. నా ముక్కు ఇవాళ రొంపతో మూసుకుపోయింది. మూతి దగ్గర వాసన చూసి చెప్పు కోటేషూ."

కోటేష్ ట్యాంకు రెండు చేతులతో ఎత్తి ముఖం దగ్గర పెట్టుకున్నాడు. ఎదురుగా బెంచీ మీద అంకమ్మ తననే చూస్తోంది. నాకు తెలియదు అంటే, 'ఎందుకు తెలియదు?' అంటుంది. ఇంట్లో ఎందుకు తెలియలేదో కూడా తేలిపోతుంది. ముక్కు లేనివాడి దగ్గర ఆడపిల్లని ఎవరుంచుతారు? ఇన్నిసార్లు కడిగాడు కదా, ఇంకా ఏముంటుందిలే అనుకున్నాడు. దేవుడా, అలా ఎలా అనుకున్నాడో.

"ఏం రావట్లేదు" అని ట్యాంకు బల్ల మీద పెట్టాడు.

చెంచయ్య తల ఊపి లైటరు అందుకున్నాడు. ఇంతలో హారిక బెంచీ దిగి వచ్చింది. ఇంట్లో పాలగిన్నె మీదకి వంగినట్టే ట్యాంకు మీదకి వంగి, మూతి దగ్గర ముక్కు పెట్టింది.

"ఆగు తాతా. ఇంకా వస్తోంది."

చెంచయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. "నిజంగానా అమ్మా?"

"పెట్రోలే. నాన్నకి తెలియదు తాతా. నాన్నకి ఏ వాసనా రాదు. అమ్మ ఉన్నప్పుడు అమ్మ చెప్పేది. ఇప్పుడు నేనే చెప్తా." అని తండ్రి వైపు తిరిగి, మెచ్చుకుంటాడని చూసింది.

చెంచయ్య లైటరు జేబులో వేసుకుని, అరవకుండా, తిట్టకుండా, "పిల్ల ఇక్కడే ఉంది కదయ్యా" అన్నాడు. అంతే అన్నాడు. కోటేష్ ఉన్నచోటే కూలబడిపోయాడు.

అంకమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. "ఎప్పట్నుంచి?"

"పెళ్ళికి ముందునుంచే అత్తా."

"భవానికి తెలుసా?"

"తెలుసు."

అంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఒక్కమాట చెప్పలేదే నాకు, పిచ్చిపిల్ల. నీ పరువు కాపాడింది." ఏడుపు తెరిపినిచ్చాక అల్లుడి భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ నోరు పెద్దది గానీ గుండె రాయి కాదు. "ఊరుకో అయ్యా. ఇది నీ తప్పు కాదు. బండి బాగవుతోందిగా. పిల్లని నీ దగ్గరే ఉంచుకో. నేను వచ్చిపోతుంటాలే."

అతను దారంతా కోరుకున్న మాట అదే. అది చెవిన పడ్డాక కోటేష్ తల అడ్డంగా ఊపాడు.

"వద్దత్తా. తీసుకెళ్ళు. వాసన రాకపోవడం నా తప్పు కాదు, నిజమే. నాకు వాసన తెలియదని చెప్పుకోలేక, ట్యాంకులో ఏం రావట్లేదని అబద్ధమాడాను చూడు, పిల్ల పక్కనే ఉండగా. రేపు గ్యాసు లీకైనా నేను ఇలాగే అంటానేమో. నా మీద నాకే నమ్మకం లేదు."

ట్యాంకు మళ్ళీ కడిగారు. నిండా నీళ్ళు పోసి, వంచి, ఆరబెట్టి, అంకమ్మ వాసన చూసి సరేనన్నాకే చెంచయ్య మంట వెలిగించాడు. ఇత్తడి కరిగి కన్నం పూడింది. పెట్రోలు పోసి మళ్ళీ సుద్ద పులిమితే చుక్క తడి లేదు. బండి బాగైపోయింది. కోటేష్ ఇంటికెళ్ళి కూతురి బట్టలు సర్దాడు.

చీరాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని హారిక జాగ్రత్తలు చెప్పింది. పాలు పక్కింటి మాబూబీ నానమ్మకి చూపించి కాచుకోమంది. అన్నం మిగిలితే ఉంచొద్దంది. చొక్కా రోజూ ఉతికేసుకోమంది, అప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదంది. కింద నిలబడ్డ కోటేష్ అన్నిటికీ "ఊఁ" అన్నాడు. అంకమ్మ ముందు సీటులో మొహం అటు తిప్పుకుని కూర్చుంది. ఇక చెప్పాల్సినవి అయిపోయాయి. పిల్ల కిటికీ ఊచ పట్టుకుని గొంతు తగ్గించింది.

"నాన్నా, నేను ఆ తాతకి చెప్పినందుకేనా నన్ను పంపించేస్తున్నావు?"

"కాదమ్మా."

"ఇంకెప్పుడూ చెప్పను నాన్నా. వాసన వచ్చినా రాలేదంటా. నన్ను ఉంచుకో."

కోటేష్ బస్సెక్కాడు. సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "చెప్పాలమ్మా. ఎవరున్నా చెప్పాలి. నాన్న రాలేదన్నా సరే, నువ్వు వస్తోందనే చెప్పాలి. నువ్వు చెప్పబట్టే మనందరం ఉన్నాం. ఏం, చెప్తావుగా?"

హారిక తల ఊపలేదు. కండక్టరు దిగమంటే అతను దిగాడు.