అమ్మకానికి పెట్టిన బండి

ఆ వీధిలో ఎవరి జేబులో ఏముందో ఇస్త్రీ అత్తయ్యకి తెలిసినంతగా ఆ చొక్కాలు తొడుక్కున్నవాళ్ళకే తెలియదు. ఉతకడానికి వచ్చిన ప్రతి జేబూ తిరగేసి చూడాల్సిందే. బస్సు టికెట్లు, పెన్ను మూతలు, కరిగిన చాక్లెట్లు సరే, ఒకసారి ఒక పెద్దమనిషి కట్టుడుపళ్ళు దొరికాయి. వాటిని కాగితంలో చుట్టి, "మీ చిల్లరండీ" అంటూ ఆయన చేతిలో పెట్టి వచ్చేసింది. అత్తయ్య నోరు పెద్దదే గాని ఇలాంటివి ఆ నోట్లోంచి బయటపడవు. ఆ పెద్దమనిషే తర్వాత వీధి వీధంతా చెప్పుకుని నవ్వాడు. అప్పట్నుంచీ ఆయన పళ్ళాయన అయిపోయాడు.

వీధి చివర ఇస్త్రీ కొట్టు వాళ్ళది. ముందుగదిలో ఇస్త్రీ బల్ల, వెనక రెండు గదుల్లో కాపురం. ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం అత్తయ్య పని. మడతపెట్టి ఇళ్ళకి చేర్చడం ఆమె భర్త పని. ఆయన మడతపెట్టిన చొక్కా ఏడాది పెట్టెలో పడున్నా నలగదని పేరు. అందుకే అందరికీ ఆయన మడతల మావయ్య. ఆయనకో తొక్కుడు బండి ఉండేది. మూడు చక్రాలు, వెనకాల పెద్ద చెక్కపెట్టె, పెట్టెకి మధ్యలో అడ్డు. అడ్డుకి అటు మాసినవి, ఇటు ఉతికినవి. ఆ బండి గంట వినబడగానే జనం బట్టల మూటలతో గుమ్మాల్లోకి వచ్చేవారు.

బండి విషయంలో మావయ్యది ఒకటే పట్టు. అందులో బట్టలే ఎక్కాలి, మనుషులు ఎక్కకూడదు. పెళ్ళైన కొత్తలో అత్తయ్య సరదాపడి, "నన్ను కూడా ఎక్కించుకుని ఓ చుట్టు తిప్పొచ్చుగా" అని అడిగింది.

"నువ్వు కూర్చుంటే దుప్పట్లు నలిగిపోవూ?" అన్నాడా మహానుభావుడు.

అత్తయ్య అలిగి, వారం పాటు ఆయన చొక్కాలకి ఇస్త్రీ మానేసింది. ముడతల చొక్కాతోనే ఇంటింటికీ తిరిగాడు గాని ఆయన మెత్తబడలేదు. అత్తయ్య మళ్ళీ అడగనూ లేదు, మర్చిపోనూ లేదు.

అన్ని మడతలు పెట్టిన చేతులకి వణుకు పట్టుకుంది. అలసట అనుకున్నారు, నీరసం అనుకున్నారు. చివరికి డాక్టరమ్మ పార్కిన్సన్ అని తేల్చింది. మెదడుకి సంబంధించిన జబ్బు, పెరుగుతుందే గాని పోయేది కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాలి అని విడమరిచి చెప్పింది. అత్తయ్య అక్కడ తల ఊపి, ఇంటికొచ్చాక పెరట్లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది. తర్వాత కుళాయి కట్టేసి బట్టలు నానబెట్టింది.

క్రమంగా మావయ్యకి నడక తిరకాసు పెట్టింది. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు నేలకి అతుక్కుపోయేవి. కాలేజీలో చదువుతున్న కూతురు, డాక్టరమ్మ చెప్పినట్టు, గుమ్మాల దగ్గర నేల మీద ఎర్ర టేపు చారలు అంటించింది. చారలు చూసుకుంటూ వాటిని దాటుతూ పోతే కాళ్ళు కదిలేవి. చారల్లేని చోట అత్తయ్య తన పాదం ఆయన ముందు పెట్టేది. దాన్ని దాటబోయి ఆయన అడుగు వేసేవాడు.

"లోకంలో మనిషిని ఆపడానికి కాలు అడ్డం పెడతారు. మా ఇంట్లో నడిపించడానికి పెడతాం" అనేది అత్తయ్య.

"నాన్నకి సిగ్నల్ పడిందమ్మా!" అని కూతురు కేకేస్తే, గుమ్మంలో నిలబడిపోయిన మావయ్యే ముందు నవ్వేవాడు.

నవ్వు సరే, మందుల షాపువాడు నవ్వులు తీసుకోడుగా. ఆ మాత్రలు మండిపోయే ధర. పైగా మావయ్య బండి ఆగిపోవడంతో మూటలు రావడమూ తగ్గిపోయింది. జనం మాత్రం ఎన్నాళ్ళు మోసుకొస్తారు, దారిలో ఇంకో కొట్టు కనబడితే అక్కడే వేసేవారు. అత్తయ్య ఖర్చులు ఒక్కొక్కటే కత్తిరించింది. తన కళ్ళజోడు మార్చడం వాయిదా వేసింది. కూతురు సాయంత్రాలు పిల్లలకి పాఠాలు చెప్పడం మొదలెట్టింది. ఇంత చేస్తున్నా మావయ్య ఒంటికి మందు పట్టడం లేదు. రోజురోజుకీ బిగుసుకుపోతున్నాడు.

ఒకరోజు అత్తయ్య ఆయన చొక్కా ఉతకబోతూ అలవాటుగా జేబు తిరగేసింది. చిన్న కాగితపు పొట్లం. వణికే చేతులతో పెట్టినా మడత మాత్రం ఆయనదే, అంచుకి అంచు కలిసింది. విప్పితే లోపల సగం మాత్రలు. డాక్టరమ్మ రాసినవాటిని విరిచి, సగం మింగి సగం దాస్తున్నాడు.

అత్తయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. పొట్లం పట్టుకుని గదిలోకి వెళ్ళింది.

"ఏవిటండీ ఇది?"

"ఒక నెల మందు రెండు నెలలొస్తుందని..." నసిగాడు మావయ్య.

"నేను వండింది సగం వదిలేస్తే ఎన్నోసార్లు ఊరుకున్నాను. మందు సగం వదిలేస్తే మాత్రం ఊరుకోను. పొదుపు చెయ్యడానికి మీరే దొరికారా?" అని అరిచి, అరుస్తూనే ఏడ్చేసింది. మావయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వణికే చెయ్యి, ఏడుస్తున్న మనిషి, ఇద్దరూ కలిసి కాసేపు ఊగారు.

ఆ రోజే అత్తయ్య తీర్మానించింది. ఆయన మాత్ర నిండుగా పడాలి, అంతే. అందుకు ఇంట్లో అమ్మదగ్గది ఒక్కటే ఉంది. పక్క సందులో దుప్పటి కప్పుకుని పడున్న బండి.

"నడవలేనివాడికి బండెందుకులే" అన్నాడు మావయ్య.

దాచిన సగాలు జతచేసి నిండు మాత్రలు పడటం మొదలయ్యాక ఆయన ఒళ్ళు కాస్త తేలికపడింది. గుమ్మాల దగ్గర సిగ్నల్ మాత్రం పడుతూనే ఉంది. ఈలోగా ఒక మధ్యాహ్నం మొక్కలమ్మే ఆయన బండి చూడటానికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు, పెట్టె తట్టాడు, చక్రాలు తన్నాడు. కొనేవాడు వంక పెట్టకుండా ఉంటాడా?

"పెడలు బిగుసుకుపోయిందన్నా. మోకాళ్ళు అరిగిపోతాయి దీంతో."

మావయ్యని ఎన్ని అన్నా పడతాడు, బండిని అంటే పడడు. "నా బండి బిగుసుకుపోయిందా? పట్టుకో నన్ను" అన్నాడు. మొక్కలాయన సాయం పట్టి సీటు మీద కూర్చోబెట్టాడు. కుర్చీలో కూర్చోబెట్టినట్టే అనుకున్నాడు పాపం. మావయ్య పాదాలు పెడళ్ళ మీద పడ్డాయి. ఒక కాలు కిందికి, ఒక కాలు పైకి. బండి కదిలింది. సందు దాటి వీధిలోకి వెళ్ళిపోయింది.

"అక్కో! బండి వెళ్ళిపోయింది! అన్న కూడా వెళ్ళిపోయాడు!" అని కేక పెట్టాడు మొక్కలాయన.

అత్తయ్య చేతిలో ఇస్త్రీపెట్టె ఎక్కడుందో అక్కడే వదిలేసి పరుగందుకుంది. ముందు బండి, వెనకాల అత్తయ్య, ఆమె వెనకాల మొక్కలాయన. "ఆపండీ! పడిపోతారు!" అని ఈమె, "ఇంకా బేరం కుదర్లేదన్నా!" అని ఆయన. మావయ్య వినిపించుకుంటేనా? గుమ్మం దాటలేని కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి. పాత అలవాటుగా బొటనవేలు గంట మీదికి వెళ్ళింది.

ట్రింగ్ ట్రింగ్.

ముందు తలుపు తెరిచింది పళ్ళాయన. "మావయ్యా! వచ్చావా!" అని లోపలికి పరిగెత్తి మూటతో వచ్చి పెట్టెలో పడేశాడు. తర్వాత ఎదురిల్లు, ఆ పక్కిల్లు. మేడ మీంచి ఒకావిడ, కిందికి వచ్చేలోగా వెళ్ళిపోతాడేమోనని, మూట పైనుంచే విసిరింది. అది మొక్కలాయన నెత్తి మీద పడింది.

బండి చుట్టు తిరిగి కొట్టు ముందుకొచ్చి ఆగేసరికి పెట్టె మూటలతో నిండిపోయింది. అత్తయ్య ఆయాసపడుతూ వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. తిట్టాలని నోరు తెరిచింది గాని మావయ్య మొహం చూసి తిట్టు మింగేసింది. ఆయన అలా వెలిగిపోవడం చూసి ఎన్నాళ్ళైందో.

"తొక్కానే! చూశావా!"

"చూశాను. దిగండిక."

మావయ్య కాళ్ళ వంక చూసుకున్నాడు. "దిగడానికే... సిగ్నల్ పడింది."

వీధంతా పగలబడి నవ్వింది. అప్పుడే కొట్లోంచి మాడువాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద పళ్ళాయన చొక్కా వీపు కాలి కూర్చుంది. ఆయన ఆ కన్నంలోంచి అవతలికి చూసి, కట్టుడుపళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. మొక్కలాయన బేరం ఊసెత్తకుండా నెత్తి తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు డాక్టరమ్మకి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు, సంతోషపడింది. ఈ జబ్బులో నడవలేని కొందరు ఇలా తొక్కగలరట. "కానీ ఒంటరిగా వద్దు. రద్దీ రోడ్డు అసలే వద్దు. మాత్ర వేళ తప్పకూడదు" అంది. తర్వాత నెమ్మదిగా, "ఎన్నాళ్ళు తొక్కగలరో నేను చెప్పలేనండీ" అని కూడా అంది.

"ఎన్నాళ్ళైతే అన్నాళ్ళేనమ్మా" అంది అత్తయ్య. ఆ మాట ధైర్యంగానే అంది గాని, బయటికొచ్చాక మావయ్య చెయ్యి కాస్త గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు సమస్య వేరు. ఆయన తొక్కగలడు, దిగలేడు. ఇంటింటి దగ్గరా దిగి బట్టలిచ్చి, మూటలు అందుకునే మనిషి కావాలి. ఒంటరిగా వద్దని డాక్టరమ్మ ఎలాగూ చెప్పింది. అంటే బండి వెనకాల రోజూ పరిగెత్తాల్సిందేనా అని అత్తయ్య రాత్రంతా తన మోకాళ్ళ గురించి దిగులుపడింది.

పొద్దున్నే బయటికొచ్చేసరికి, కూతురి సాయంతో మావయ్య అప్పటికే సీటు మీద ఉన్నాడు. బట్టలన్నీ పెట్టెలో ఒక పక్కకి సర్ది ఉన్నాయి. ఉతికిన బట్టలుండే వైపు, అన్నిటికంటే మంచి దుప్పటి ఒకటి, వాళ్ళ సొంతానిది, నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. మడతలు కాస్త వంకరపోయాయి. ఆ చేతులతో అంత మడతపెట్టడానికి ఎంతసేపు పట్టిందో.

"ఎక్కు" అన్నాడు మావయ్య, ముందుకే చూస్తూ.

"దుప్పటి నలిగిపోతుందండీ."

"నలగనీ."

కూతురు చెయ్యి అందించింది. అత్తయ్య ఎక్కి కూర్చుంది. బండి కదిలింది. కొట్టు వెనక్కి వెళ్ళింది, కుళాయి వెనక్కి వెళ్ళింది, నడక నేర్పుతూ అలసిపోయిన తన పాదాలు రెండూ పెట్టె అంచు మీంచి హాయిగా వేలాడుతున్నాయి. ట్రింగ్ ట్రింగ్. పళ్ళాయన అప్పుడే మూటతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మావయ్య బ్రేకు మీద చెయ్యి వేశాడు.

"ఆపకండి" అంది అత్తయ్య. "ముందు ఓ చుట్టు తిప్పండి. ఎప్పుడో అడిగాను."