సీరంలో సన్నగీత

మొన్న షుగరు పరీక్షకని బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ల్యాబుకు వెళ్తే, లోపల సీరం ప్రోటీన్లను విడదీసే కొత్త మెషిన్ కనిపించింది. ఇటు గొట్టం పెడితే అటు గ్రాఫు గీసి ఇచ్చేస్తోంది. నేను ల్యాబులో పనిచేసిన రోజుల్లో దానికి సగం పూట పట్టేది. పలచని జెల్ పలక మీద చుక్క సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుపు నీరు, పెట్టి కరెంటు పారిస్తే ప్రోటీన్లు పరుగు మొదలుపెట్టేవి. అల్బుమిన్ అన్నిటికంటే ముందు. గామా గ్లోబ్యులిన్లు పెళ్లికి ఆలస్యంగా బయల్దేరిన చుట్టాల్లా వెనకెక్కడో, చెల్లాచెదురుగా. తర్వాత రంగులో ముంచి, వెనిగర్ వాసన కొట్టే ద్రావణంలో కడిగితే చారలు తేలేవి. ఆ వాసన నా చీరలను వదిలేది కాదు. మా ఆయన నన్ను పచ్చడి జాడీ అనేవారు.

మావయ్యకు, అంటే మా అమ్మ తమ్ముడికి, కైకలూరు వైపు చేపల చెరువులుండేవి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు మోటారు పాడైనప్పుడల్లా ఆటోనగర్ వచ్చి, పనిలో పనిగా నన్ను చూసి వెళ్లేవాడు. సంచిలో బొచ్చె చేప తప్పనిసరి. ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టకూడదని మొత్తుకుంటే, "రక్తమైనా చేపైనా నీసేగా అమ్మాయ్" అనేవాడు. ఒకసారి నెలల తరబడి తగ్గని నడుంనొప్పితో వచ్చాడు. డాక్టరుగారు ఈ పరీక్ష రాశారు. రక్తం నేనే తీశాను.

రంగు కడిగి చూస్తే, గామా దగ్గర పలచని మరక ఉండాల్సిన చోట కాటుకతో గీసినట్టు ఒకటే సన్నగీత. ఎముకల మూలుగలో పుట్టే క్యాన్సర్‌కు అది గుర్తు. ఒక్క ఆశ మిగిలింది. రక్తం గడ్డకట్టకుండా మందు వేసిన ఊదారంగు మూత గొట్టంలో పొరపాటున తీస్తే, అందులో మిగిలిపోయే ఫైబ్రినోజెన్ అనే గడ్డకట్టించే ప్రోటీన్ కూడా దాదాపు అక్కడే అలాంటి గీత వేస్తుంది. కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు అది. దానికి ఎంతమందిని తిట్టానో! ఆరోజు మాత్రం ఆ తప్పు నేనే చేసి ఉండాలని దుర్గమ్మకు మొక్కుకున్నాను. మోటారు పని పూర్తికాక మావయ్య ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే ఆ మందు లేని ఎర్రమూత గొట్టాన్ని రెండుసార్లు చూసుకుని మళ్లీ రక్తం తీశాను. పరీక్ష మళ్లీ చేశాను. గీత ఉన్నచోటే ఉంది.

బయట బెంచీ మీద మావయ్య కూర్చుని ఉన్నాడు. రిపోర్టు సంగతి డాక్టరే చెప్పాలి, మేం నోరు మెదపకూడదు.

"ఆయన రేపెటూ చెప్తార్లే. నువ్వొక్కటి చెప్పమ్మాయ్. ఈ ఏడు చెరువులో పిల్ల వదలమంటావా? పట్టుబడికి పది నెలలు పడుద్ది మరి," అన్నాడు నా మొహంలోకి చూడకుండా.

"వదులు మావయ్యా" అన్నాను. అది అబద్ధమో ఆశో ఇప్పటికీ నాకు తెలియదు.

వదిలాడు. కానీ మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నాయట, మందులు పనిచేయలేదు. చేపలు మాత్రం ఎప్పుడూ లేనంత బాగా ఎదిగాయి. వలలు లాగిన రోజు గట్టు మీద అత్తయ్య ఒక్కతే నిలబడింది. చావు ఎవరికీ చెప్పి రాదంటారు. నాకు అందరికంటే ఒకరోజు ముందే చెప్పింది, నా చేత ఏమీ కాలేదు.