గోడ మీద లేని పేరు

విల్మా గుంబాన్‌కి భయపడటం చేతకాదు. పనాయ్ దీవిలో ఆ రేవు పట్టణంలో ఎక్కడ ప్రమాదం జరిగినా పరుగెత్తే దళానికి ఆమె నర్సు. యాభై రెండేళ్లు. పొట్టి మనిషి, గొంతు మాత్రం లారీ హారన్. కొత్తలో స్ట్రెచర్ మోసింది. తుఫానులో కప్పు మీద చిక్కుకున్న ముసలమ్మని వీపున వేసుకుని దింపింది. ఓసారి తాగినవాడొకడు రక్తం వచ్చేలా చెయ్యి కొరికితే, వాడి చెంప పగలగొట్టి, ఆ తర్వాత వాడి తలకి తనే కట్టు కట్టింది.

ఆ కాటు తర్వాత ఆరునెలల పాటు పరీక్షలంటూ ఆస్పత్రి చుట్టూ తిరిగింది. ఏ జబ్బూ అంటలేదు. మొండిపట్టు మాత్రం అంటుకుంది. రక్తం ముట్టుకునే ప్రతివాడికీ హెపటైటిస్ బి టీకా పట్టణమే వేయించాలని అడగడం మొదలుపెట్టింది. మేయర్లు మారారు, విల్మా మారలేదు. తొమ్మిదేళ్లకి టీకాలు వచ్చాయి. దళంవాళ్లు, ఫైరింజను వాళ్లు, వీధి కాపలావాళ్లు కలిపి నలభై ఇద్దరు. ముందు రక్త పరీక్ష, ఆ తర్వాత మూడు సూదులు.

మంటల్లోకి దూకే మగాళ్లు సూదిని చూసి గోడకి అతుక్కుపోయారు.

"నాకు నిన్నటి నుంచి జ్వరం, మనాంగ్," అన్నాడు దళంలోని జోమర్. అక్కడ అక్కని అలాగే పిలుస్తారు.

"జ్వరం నీకు కాదు, నీ మీసానికి. చెయ్యి చాపరా!"

మొదటి సూది అలా అయిపోయింది. తప్పు రెండోదాని దగ్గర జరిగింది.

ఆ ఆఫీసులో ఏ విషయమైనా గోడకి ఎక్కాల్సిందే. ఎవరి డ్యూటీ ఎప్పుడు, బాస్కెట్‌బాల్ జట్టులో ఎవరున్నారు, పుట్టినరోజుకి పన్సిత్ నూడుల్స్ ఎవరు తేవాలి, అన్నీ కాఫీ బల్ల పైన బోర్డు మీదే. విల్మా కూడా ఆ అలవాటు కొద్దీ రెండో సూదికి రావాల్సినవాళ్ల పేర్లు రాసి అంటించింది. నలభై ఒక్క పేర్లు.

అంబులెన్సు డ్రైవర్ నెల్సన్ పాలాబ్రికా పేరు లేదు. పరీక్షలో అతనికి ఆ జబ్బు ముందే ఉందని తేలింది. పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉంటుందన్నాడు డాక్టరు. అలాంటివాళ్లకి టీకాతో పనిలేదు, కాలేయాన్ని అప్పుడప్పుడు చూపించుకుంటూ ఉండాలి. అప్పటిదాకా ఈ సంగతి ముగ్గురికే తెలుసు. మొదటి సూదినాడు ఎవరూ లెక్కపెట్టలేదు; ఇప్పుడు ఒక్క పేరే లేకపోయేసరికి, మధ్యాహ్నానికి బోర్డు చదివిన ప్రతివాడూ కారణం ఊహించేశాడు.

మర్నాడు నెల్సన్ కాఫీ కప్పు విడిగా కిటికీలో ఉంది. జోమర్ అతని పక్క సీటు ఎక్కనన్నాడు. దళం చీఫ్ తుపాస్ బండి తాళాలు తీసుకుని, "కొన్నాళ్లు స్టోరు చూసుకో, అన్నా," అన్నాడు. పదిహేడేళ్లు స్టీరింగు పట్టిన మనిషి దుప్పట్లు మడతపెట్టడానికి కూర్చున్నాడు.

విల్మా స్టోరుకి వెళ్లింది.

"తప్పు నాది, నెల్సన్. ఆ కాగితం చించేశాను."

"చదివాక చించితే ఏం లాభం, మనాంగ్?"

"ఏం లాభం లేదు. నువ్వు సరేనంటే అందరి ముందూ మాట్లాడతా. వద్దంటే నోరు కుట్టేసుకుంటా."

నెల్సన్ మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మడిచాడు. "మాట్లాడండి. జాలి మాటలు మాత్రం వద్దు. నా బండి నాక్కావాలి."

అందరూ అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు విల్మా వచ్చి నిలబడింది. నెల్సన్ స్టోరు గుమ్మంలోంచి చూస్తున్నాడు.

"ముందు నా తప్పు. ఒకరి రక్తం సంగతి గోడకెక్కించాను. ఇకనుంచి ఎవరి చీటీ వాళ్ల చేతికే. ఇప్పుడు మీ సంగతి. ఆ సూది ఎందుకు పొడిపించుకున్నారు? అందానికా?"

జవాబు కోసం ఆగకుండా తనే చెప్పింది.

"రోడ్డు మీద పడినవాడి రక్తంలో ఏముందో తెలియకపోయినా ఎత్తుకోవడానికి. ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఎత్తుకుంటారు, నెల్సన్ పక్కన కూర్చోరు!"

"ఇంకా మూడు సూదులూ పూర్తవలేదుగా," జోమర్ గొణిగాడు.

"కప్పుతో రాదురా అది. పక్కన కూర్చుంటే రాదు, దగ్గితే రాదు. రక్తంతో వస్తుంది. నువ్వేమైనా నెల్సన్ మెడ కొరికి తాగుతావా?"

"వీడు అస్వాంగే, మనాంగ్! వీడి పెళ్లాం ఎప్పుడో చెప్పింది," అన్నారెవరో. రక్తం తాగే ఆ దెయ్యం పేరు వినగానే బల్లంతా గొల్లుమంది. జోమర్ చెవులు ఎర్రబడ్డాయి.

చీఫ్ నవ్వలేదు. "రేపు ఏదైనా అయితే జవాబు చెప్పాల్సింది నేను."

"చెప్పండి. ఇదిగో, పనికి ఇబ్బంది లేదని డాక్టరు రాసిచ్చాడు." కాగితాన్ని అతని పళ్లెం పక్కన పెట్టింది. "చేతికి తొడుగులు అందరూ వేసుకున్నట్టే అతనూ వేసుకుంటాడు. జబ్బుందని మనిషిని స్టోర్లో పడేసినందుకు కూడా జవాబు మీరే చెప్పాలి. ఏది సులువో చూసుకోండి."

చీఫ్ చదువుతూ ఉండగానే ఫోను మోగింది. వంతెన దగ్గర జనంతో వెళ్తున్న జీప్నీ బండి ఒకటి బోల్తా కొట్టింది. కుర్చీలు వెనక్కి జరిగాయి. రెండో డ్రైవరు తాళాల కోసం అలవాటుగా చెయ్యి చాపాడు. చీఫ్ అతన్ని దాటుకుని స్టోరు గుమ్మం దాకా నడిచి, తాళాలు నెల్సన్ చేతిలో పెట్టాడు.

నెల్సన్ థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? బండెక్కి, పక్క తలుపు లోపలి నుంచి తెరిచాడు.

"జోమర్! ఎక్కుతావా, నడిచొస్తావా?"

జోమర్ ఎక్కాడు. వెనకాల విల్మా తొడుగులు వేసుకుంటూ అరిచింది: "ముచ్చట్లు తర్వాత, ముందు పోనీయ్!"